గ్రహణం మొర్రి ఆపరేషన్ తర్వాత బిడ్డ ముఖం రెండు వైపులా సమంగా కుదురుకోవాలంటే ఏం చేయాలి

గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డకు పెదవి కుట్టే ఆపరేషన్ సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులో చేస్తారు. బిడ్డను థియేటర్ నుంచి బయటికి తెచ్చిన క్షణం నుంచి తల్లిదండ్రుల కళ్లు వెతికేది ఒక్కటే: రెండు వైపులా ఒకేలా ఉందా, లేదా. ప్రశ్న సహజమైనదే కానీ దానికి ఆ రోజు జవాబు దొరకదు, ఆ నెలలో కూడా దొరకదు. కుట్టిన పెదవి మొదట వాచుతుంది, తర్వాత బిగుసుకుని పైకి లాగుతుంది, ఆ తర్వాత నెలల తరబడి మెత్తబడుతూ కిందికి దిగుతుంది, ఆపైన ఎముకా ముక్కూ పెరుగుతున్న కొద్దీ మళ్లీ కొంత మారుతుంది. ఏ దశలో ఏం చూడాలో, ఏం చేయాలో, దేనికి కంగారు పడనక్కరలేదో, దేనికి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలో కింద వరుసగా చెప్పాను. మీ సర్జన్ ఇచ్చిన సూచనలకూ ఇక్కడి మాటలకూ తేడా వస్తే సర్జన్ మాటే పాటించండి. లోపల కుట్లు ఏ పద్ధతిలో, ఏ దారంతో వేశారో తెలిసింది వారికే.

ఆపరేషన్‌కు ముందే: ఎక్కడి నుంచి బయలుదేరుతున్నారో తెలుసుకోండి

పై పెదవి గర్భంలో నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య ఏర్పడుతుంది. మధ్య నుంచి దిగే కణజాలమూ పక్కల నుంచి వచ్చే కణజాలమూ కలవవలసిన చోట కలవకపోతే చీలిక మిగిలిపోతుంది. చీలింది చర్మం ఒక్కటే కాదు. నోటి చుట్టూ వలయంలా తిరగవలసిన కండరం కూడా అక్కడ తెగిపోయి, ఒక కొస ముక్కు రంధ్రాల మధ్య ఉండే సన్నని స్తంభం మొదట్లోనూ, రెండో కొస ముక్కుపుట మొదట్లోనూ అతుక్కుని ఉంటుంది. ఈ రెండు కొసలూ చెరో వైపు లాగుతూ ఉండటం వల్ల, ఒకవైపే చీలిక ఉన్న బిడ్డలో ఆ స్తంభం మొదలూ ముక్కు లోపలి దూలం ముందు అంచూ చీలిక లేని వైపుకు ఒరుగుతాయి. చీలిక ఉన్న వైపు ముక్కుపుట చదునుగా, వెడల్పుగా పరుచుకుని కాస్త కిందికీ వెనక్కీ జారి ఉంటుంది. పళ్లు మొలిచే చిగురు ఎముక కూడా చీలి ఉంటే ఆ ముక్కుపుట కింద ఆధారమే ఉండదు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఆపరేషన్ తర్వాత పెదవి బాగా కుదిరి ముక్కు మాత్రం వంకరగా కనిపించినప్పుడు, చాలామంది ఆపరేషన్ సరిగా చేయలేదనుకుంటారు. నిజానికి ముక్కులో మిగిలిన తేడాకు మూలం ఎక్కువగా మృదులాస్థి, అంటే ముక్కుకు రూపమిచ్చే మెత్తని ఎముక, ఆకారంలోనూ దాని కింద ఎముకలోనూ ఉంటుంది. అందుకే ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను నాలుగు విషయాలు అడిగి రాసుకోండి: చీలిక ముక్కు రంధ్రం దాకా వెళ్లిందా లేక పెదవి దగ్గరే ఆగిందా, చిగురు కూడా చీలిందా, ఈ ఆపరేషన్‌లోనే ముక్కును కూడా సరిచేస్తారా, ఏ తేడా ఇప్పుడు పోతుంది, ఏది పెద్దయ్యాక చేసే ఆపరేషన్ దాకా ఆగాలి. నాలుగో ప్రశ్నకు వచ్చిన జవాబే ముందుముందు మిమ్మల్ని అనవసరమైన దిగులు నుంచి కాపాడుతుంది.

రెండు వైపులా చీలిక ఉన్న బిడ్డల సంగతి కొంత వేరు. అక్కడ ఎడమా కుడీ పోలిక మొదటి నుంచీ మెరుగ్గానే ఉండవచ్చు. అసలు సమస్య ముక్కు మధ్య స్తంభం పొట్టిగా ఉండటమూ, పెదవి మధ్య ముక్కలో కండరం లేకపోవడమూను. ఒక వైపు చీలిక రెండో వైపుకన్నా లోతుగా ఉంటే మాత్రం కింద చెప్పే జాగ్రత్తలన్నీ వారికీ వర్తిస్తాయి.

చీలిక వెడల్పుగా ఉన్నప్పుడు కొన్ని చోట్ల ఆపరేషన్‌కు ముందు పెదవి రెండు అంచులనూ దగ్గరకు లాగే టేపు వేస్తారు, లేదా అంగిట్లో చిన్న ప్లేటు అమర్చి దానికి ముక్కును ఎత్తే చిన్న కొమ్మను తగిలిస్తారు. న్యూయార్క్‌కు చెందిన బారీ గ్రేసన్, ఆయన సహచరులు 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల ప్రభావంతో నవజాత శిశువు మృదులాస్థి మొదటి వారాల్లో మెత్తగా, మలచడానికి వీలుగా ఉంటుంది. అందుకే ఇలాంటిది చేయాలంటే పుట్టిన మొదటి వారాల్లోనే మొదలుపెట్టాలి. మూడో నెలలో వెళ్లి అడిగితే చాలావరకు ఆలస్యమైనట్టే. ప్లేటు అమరిస్తే తరచుగా, ఎక్కువగా వారానికోసారి, సర్దించుకోవడానికి తీసుకెళ్లవలసి ఉంటుంది. ఆ రాకపోకలు మీకు సాధ్యమో కాదో నిజాయతీగా లెక్క వేసుకున్నాకే ఒప్పుకోండి. మధ్యలో మానేసిన ప్లేటువల్ల ఒరిగేది తక్కువ.

ఆపరేషన్ ఎప్పుడు అన్నదానికి పాత లెక్క ఒకటి ఇప్పటికీ వినిపిస్తుంది: పది వారాల వయసు, పది పౌండ్ల బరువు, అంటే సుమారు 4.5 కిలోలు, రక్తంలో 10 గ్రాముల హిమోగ్లోబిన్. అది మత్తుమందును తట్టుకునే శక్తికి పెట్టుకున్న కొలత. ముఖం అందానికీ దానికీ సంబంధం లేదు. బిడ్డ బరువు పెరగలేదని ఆపరేషన్ నెల వాయిదా వేస్తే ముఖం చెడిపోతుందని భయపడకండి.

సర్జన్ దేన్ని దేనితో కలిపారో చూడటం నేర్చుకోండి

ముఖమంతా ఒక్కసారిగా చూసి "ఎందుకో తేడాగా ఉంది" అనుకుంటే అది మీకూ ఉపయోగపడదు, డాక్టరుకూ ఉపయోగపడదు. చూడవలసిన చోట్లు కొన్నే ఉన్నాయి.

పై పెదవి పై అంచు విల్లులా వంగి ఉంటుంది కదా, ఆ విల్లుకు రెండు శిఖరాలు ఉంటాయి. మొదట ఆ రెండు శిఖరాలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడండి. తర్వాత చర్మమూ ఎర్రని పెదవీ కలిసే చోట సన్నగా మెరిసే గట్టులాంటి అంచు ఉంటుంది. కుట్టిన చోట ఆ గట్టు తెగకుండా సాగిందా, మెట్టులా విరిగిందా చూడండి. ఇక్కడ ఒక్క మిల్లీమీటరు తేడా కూడా ఎదుట కూర్చున్నవారి కంటికి పడుతుంది, అందుకే సర్జన్లు ఎక్కువ జాగ్రత్త ఇక్కడే తీసుకుంటారు. దాని కింద ఎర్రని పెదవి మందం రెండు వైపులా ఒకటేనా, మచ్చ దగ్గర గుంట పడిందా చూడండి. చివరగా ముక్కు: రంధ్రాల ఆకారం, ముక్కుపుటల వెడల్పు, మధ్య స్తంభం నిటారుగా ఉందా అన్నది.

మచ్చ గీత సూటిగా లేకపోతే దాన్ని లోపంగా లెక్కించకండి. అమెరికా సర్జన్ రాల్ఫ్ మిలార్డ్ 1950లలో రూపొందించిన పద్ధతిలో పెదవిలో ఒక ముక్కను కిందికి తిప్పి, రెండో ముక్కను దాని పైన ఖాళీలోకి జరుపుతారు. అందుకే ముక్కు మొదట్లో గీత వంపు తిరుగుతుంది. టొరంటోకు చెందిన డేవిడ్ ఫిషర్ 2005లో ప్రచురించిన పద్ధతిలో గీత ముక్కు కింది సహజమైన గట్టు వెంబడే దిగుతుంది, విల్లు అంచుకు కాస్త పైన చిన్న త్రికోణం ఉండవచ్చు. మీ బిడ్డకు ఏ పద్ధతిలో చేశారో అడిగి తెలుసుకుంటే ఏ మలుపు ఉద్దేశపూర్వకంగా పెట్టినదో, ఏది మచ్చ లాగడంవల్ల వచ్చినదో తేల్చుకోగలుగుతారు.

మొదటి పది రోజులు: సమానత్వం మాట మరిచి కుట్లను కాపాడండి

వాపు రెండు మూడు రోజుల పాటు పెరిగి, ఆ తర్వాత తగ్గడం మొదలుపెడుతుంది. ఈ రోజుల్లో పెదవి ఒకవైపు ఉబ్బి, ముక్కు పక్కకు తిరిగినట్టు కనిపించడం మామూలే. ఇప్పుడు మీరు చేయవలసింది గాయం విడిపోకుండా చూడటం, ఎందుకంటే విడిపోయిన గాయం మానినప్పుడు వెడల్పాటి మచ్చ పడుతుంది, ఆ మచ్చే తర్వాత పెదవిని ఒక పక్కకు లాగుతుంది.

పాలు పట్టిన ప్రతిసారీ కుట్లను శుభ్రం చేయండి. కాచి చల్లార్చిన నీటిలో గానీ, ఇచ్చిన సెలైన్‌లో గానీ దూదిపుల్లను ముంచి, పాల మరకల మీద దొర్లించండి. రుద్దకండి, దొర్లించండి, రుద్దితే కుట్టు దారం పట్టుకుని లాగుతుంది. ఎండిన పక్కు ఊడకపోతే తడి పుల్లను దాని మీద అర నిమిషం ఆనించి ఉంచండి, మెత్తబడి దానంతటదే వస్తుంది, రాకపోతే తర్వాతిసారికి వదిలేయండి. పైన రాసే ఆయింట్‌మెంట్ ఇచ్చి ఉంటే పలుచగా రాయండి. గాయం మీద పొడులు, పసరులు, నూనెలు, తేనె ఏవీ పెట్టకూడదు. ఏడాది నిండని బిడ్డకు తేనె ఏ రూపంలోనూ ప్రమాదమే.

పాలు ఎలా పట్టాలన్న విషయంలో ఆసుపత్రికీ ఆసుపత్రికీ తేడా ఉంటుంది. ఒకప్పుడు కొన్ని రోజులు చప్పరించనిచ్చేవారు కాదు. ఇప్పుడు చాలా చోట్ల తల్లిపాలూ, బిడ్డకు అలవాటైన సీసా వెంటనే కొనసాగించమంటారు. ఏది చెప్పినా, గట్టి చెంచా కొస గానీ ఉత్త పీక గానీ పెదవికి తగలనివ్వకండి. మోచేతులు వంగకుండా కట్టే తొడుగులు కొందరు ఇస్తారు, చాలామంది ఇవ్వరు. ఇస్తే రోజులో కొన్నిసార్లు, మీ కళ్లెదుటే, ఒక్కో చేతిది విప్పి ఆడించి మళ్లీ తొడగండి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి, బోర్లా వద్దు. నొప్పి మందు బరువును బట్టి డాక్టరు రాసిన మోతాదులోనే, వేళ తప్పకుండా ఇవ్వండి. నొప్పితో గుక్కపట్టి ఏడ్చిన ప్రతిసారీ కండరం మీద వేసిన కుట్టు మీదే లాగుడు పడుతుంది.

పై కుట్లు కరిగే దారంతో వేసి ఉంటే వాటంతటవే పోతాయి. కరగని దారమైతే సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజుల్లో తీస్తారు, బిడ్డ కదలకుండా ఉండటానికి కొన్ని చోట్ల కాస్త మత్తు ఇచ్చి తీస్తారు. ఆలస్యం చేస్తే దారం పట్టిన చోట్ల అడ్డగీతలు పడతాయి కాబట్టి ఆ అపాయింట్‌మెంట్ మాత్రం తప్పకండి.

రక్తం మెత్తని గుడ్డతో పది నిమిషాలు అదిమినా ఆగకపోయినా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, కుట్ల మధ్య సందు కనిపించినా, చీము వచ్చినా, శ్వాసలో ఇబ్బంది ఉన్నా, ఆరేడు గంటలు మూత్రం పోయకపోయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. పడిపోయి పెదవికి దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా, చూపించండి.

మూడో వారం నుంచి: పెదవి పైకి లాగినప్పుడు

తల్లిదండ్రులను ఎక్కువగా కుంగదీసే దశ ఇదే, దీని గురించి ముందుగా గట్టిగా చెప్పేవారు తక్కువ. వాపు తగ్గిన వారం రోజుల్లో ముఖం చాలా బాగుంటుంది. అందరూ మెచ్చుకుంటారు. ఆ తర్వాత, మూడు నాలుగు వారాల నుంచి, మచ్చ ఎర్రబడి గట్టిపడి, మొదటిసారి ఉతికిన బట్టలా కురచబడుతుంది. మచ్చ నిలువుగా ఉంటుంది కనుక కురచబడినప్పుడు విల్లు శిఖరం ఆ వైపు పైకి లేస్తుంది, ఎర్రని పెదవిలో చిన్న గుంట పడుతుంది, కుట్లు తీసిన నాటికన్నా ముఖం వంకరగా కనిపిస్తుంది. ఆరో వారానికీ మూడో నెలకూ మధ్య ఇది పరాకాష్ఠకు చేరుతుంది. ఆపరేషన్ విఫలమైందని దీన్ని బట్టి అనుకోకండి. గాయంలో కొత్తగా పేరుకున్న కొల్లాజెన్, అంటే చర్మానికి బలమిచ్చే పీచులాంటి పదార్థం, సర్దుకుంటూ ఉంది. ఆరు నెలల నుంచి ఏడాదికి, కొందరిలో ఇంకా ఎక్కువ కాలానికి, అది మెత్తబడి రంగు తగ్గి పెదవి చాలావరకు కిందికి దిగుతుంది. మూడు నెలలకు కూడా గాయం మామూలు చర్మపు బలంలో దాదాపు 80 శాతం దగ్గరకే చేరుతుంది కాబట్టి, ఆ దశలో పెదవిని చూసి మళ్లీ ఆపరేషన్ చేయమని అడగడం తొందరపాటు.

ఈ కురచబడటాన్ని ఎదుర్కోవడానికి మీ చేతిలో ఉన్న పనిముట్టు మర్దన. గాయం పూర్తిగా మూసుకుని, పక్కులన్నీ రాలిపోయి, సర్జన్ సరేనన్నాకే మొదలుపెట్టండి. చాలామందికి అది మూడో వారానికీ నాలుగో వారానికీ మధ్య వస్తుంది. చేతులు కడుక్కుని, గోళ్లు పొట్టిగా కత్తిరించుకుని, వాసన లేని వేజలిన్ లాంటిది చిటికెడు తీసుకోండి. బిడ్డ తల మీ మోకాళ్ల మీద, కాళ్లు మీ పొట్ట వైపు ఉండేలా పడుకోబెడితే ముఖం నేరుగా మీ ఎదుట ఉంటుంది. చూపుడువేలు కొసను ముక్కు మొదట్లో మచ్చ మీద ఆనించండి. చర్మం పైపైన జారకూడదు. వేలి కింద చర్మమూ దాని అడుగున ఉన్న గట్టిదనమూ కలిసి కదలాలి. వేలి చుట్టూ చర్మం తెల్లబడేంత ఒత్తిడితో, మచ్చను మెల్లగా పెదవి అంచు వైపు కిందికి లాగి, అక్కడ నాలుగైదు లెక్కపెట్టేంతసేపు పట్టి ఉంచి వదలండి. అలా కొన్నిసార్లు చేశాక అదే వేలితో చిన్న సున్నాలు చుడుతూ మచ్చ పొడవునా దిగండి. లోపలి వైపు కూడా గట్టిగా ఉంటే, సర్జన్ చేయమని చూపించిన పక్షంలో, శుభ్రమైన బొటనవేలిని పెదవి లోపల, చూపుడువేలిని బయట ఉంచి రెండింటి మధ్యా మచ్చను నలపండి.

చేసిన ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. పాలు పట్టే ముందు చేస్తే ఆకలితో ఏడుస్తారు, తర్వాత వెంటనే చేస్తే కక్కుతారు. డైపర్ మార్చేటప్పుడు చేయడం చాలామందికి కుదురుతుంది. మొదటి వారం బిడ్డ గట్టిగా నిరసిస్తుంది, పది రోజుల్లో అలవాటు పడుతుంది. చర్మం పొక్కినా, చిన్న పుండు పడినా ఆపి చూపించండి. ఎన్నాళ్లు చేయాలంటే, మచ్చ చుట్టుపక్కల చర్మమంత మెత్తగా తగిలేదాకా, అంటే చాలావరకు ఆరు నెలలు.

సిలికాన్ జెల్ గానీ సిలికాన్ టేపు గానీ చాలామంది సర్జన్లు రాస్తారు. జెల్ పలుచగా రాసి ఆరనివ్వాలి, లేకపోతే బిడ్డ నాకేస్తుంది. టేపు పెదవి మీద నిలవడం కష్టం. చొల్లు కారే వయసులో ఊడి నోట్లోకి పోయే అవకాశం ఉంది కనుక నిద్రపోయేటప్పుడు, మీరు దగ్గర ఉన్నప్పుడే వేయండి. మర్దనకు ఇవి తోడే తప్ప ప్రత్యామ్నాయం కాదని నా అభిప్రాయం.

ఎండ విషయం క్లుప్తంగా: కొత్త మచ్చ ఎండకు నల్లబడితే ఆ రంగు తేడాయే వంకరను ఎక్కువ చేసి చూపిస్తుంది. మొదటి ఏడాది నీడలో ఉంచండి, అంచు వెడల్పుగా ఉన్న టోపీ పెట్టండి. ఆరు నెలలు దాటాక సన్‌స్క్రీన్ గురించి డాక్టరును అడగండి.

ముక్కులో పెట్టే రిటైనర్

ఆపరేషన్‌లో ముక్కును కూడా సరిచేసి ఉంటే, ఎత్తిన ముక్కుపుట మళ్లీ కుంగిపోకుండా చాలాచోట్ల రంధ్రాల్లో మెత్తని సిలికాన్ రిటైనర్, అంటే రంధ్రం ఆకారాన్ని లోపలి నుంచి పట్టి ఉంచే చిన్న అమరిక, పెడతారు. వాడకం కొన్ని నెలలు, ఎక్కువగా మూడు నుంచి ఆరు నెలలు సాగుతుంది. రోజూ తీసి సబ్బునీటితో కడిగి, బాగా జాడించి, ఆరాక మళ్లీ పెట్టాలి. ఎక్కువసేపు బయట ఉంచితే రంధ్రం బిగుసుకుని తిరిగి పట్టదు. జలుబు చేసిన రోజుల్లో చాలామంది ఇక్కడే ఓడిపోతారు. చీమిడి ఎక్కువగా ఉంటే తీసి కడిగే సార్లు పెంచండి, పూర్తిగా మానేయకండి. ఊడి గొంతులోకి పోకుండా టేపు తప్పనిసరి. రంధ్రం అంచున ఎర్రగా గాడి పడితే సైజు మార్చమని అడగండి. రిటైనర్ వల్ల రెండు రంధ్రాలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా అవుతాయని ఆశించవద్దు. ఎంతో కొంత కుంగడం ఉంటుంది, అది తెలిసే కొందరు సర్జన్లు ఆపరేషన్‌లో ముక్కుపుటను కావాలనే కాస్త ఎక్కువ ఎత్తుతారు. అలా ఎత్తిన ముక్కు మొదటి నెలల్లో మంచి వైపుకన్నా బిగుతుగా, చిన్నగా కనిపిస్తే గాభరా పడకండి.

ఫొటోలు సరిగా తీయండి

మీ జ్ఞాపకం మీద ఆధారపడితే ప్రతి రోజూ ఒక కొత్త వంకర కనిపిస్తుంది. ఫొటో కూడా నిర్లక్ష్యంగా తీస్తే అబద్ధమే చెబుతుంది. ఫోనును ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదై, పక్కలు కుదించుకుపోతాయి. కనీసం మీటరు దూరం నుంచి జూమ్ చేసి తీయండి. ముందు కెమెరా వాడకండి, కొన్ని ఫోన్లలో అది ఎడమను కుడిగా తిప్పి దాచుకుంటుంది, మూడు నెలల తర్వాత ఏ ఫొటోలో ఏ వైపు ఏదో మీకే తెలియదు.

బిడ్డ నిద్రలో వెల్లకిలా ఉన్నప్పుడు మొదటిది తీయండి, ఎందుకంటే కండరాలు సడలి ఉన్నప్పుడే పెదవి అసలు ఎత్తు తెలుస్తుంది. వెలుతురు పక్క నుంచి కాక ముందు నుంచి పడాలి. పక్క వెలుతురులో మచ్చ నీడ పెదవిని రెండు ముక్కలుగా చూపిస్తుంది. తెర మీద రెండు చెవులూ సమానంగా కనిపిస్తేనే తల తిరగలేదని అర్థం. రెండు కళ్ల లోపలి మూలలూ ఒకే అడ్డగీత మీద ఉండేలా ఫోనును సరిచూసుకోండి. రెండో ఫొటో గడ్డం వైపు నుంచి, ముక్కు కొన కనుబొమల మధ్యకు చేరేటంతగా కోణం మార్చి తీయండి. రంధ్రాల ఆకారమూ ముక్కు స్తంభం వంపూ ఇందులోనే బయటపడతాయి. మూడోది ఫొటో కాదు, బిడ్డ నవ్వుతున్నప్పుడూ ఏడుస్తున్నప్పుడూ తీసిన చిన్న వీడియో.

వీడియో ఎందుకంటే, కదలనప్పుడు సమంగా ఉన్న పెదవి కదిలినప్పుడు తేడా చూపించవచ్చు. ఏడ్చినప్పుడు మచ్చకు పక్కన, ముక్కుపుట కింద, కండరం ముద్దలా ఉబ్బితే లోపలి కండరం పూర్తిగా కలవలేదేమో అని సర్జన్ అనుమానిస్తారు. అదే నవ్వులో రెండు వైపులా పెదవి ఒకే వేగంతో సాగితే కండరం చక్కగా పనిచేస్తోందని అర్థం. ఈ సంగతి పరీక్ష గదిలో, బెదిరిపోయిన బిడ్డ ముఖంలో దొరకదు.

ఆపరేషన్‌కు ముందు ఒకసారి, తర్వాత వారానికి, నెలకు, మూడు, ఆరు, పన్నెండు నెలలకు తీస్తే చాలు. రోజూ తీసి పోల్చుకోవడం మీ మనసుకే హాని.

తల ఆకారాన్ని కూడా ఒకసారి చూడండి

ముఖం వంకరగా ఉందని తీసుకొచ్చే బిడ్డల్లో కొందరికి కారణం పెదవిలోనే ఉండదు. ఎప్పుడూ ఒకే వైపు తల తిప్పి పడుకున్న బిడ్డకు ఆ వైపు తల వెనక భాగం చదునై, ఆ వైపు చెవీ నుదురూ చెంపా ముందుకు జరుగుతాయి. పాలు పట్టడం కుదరాలని నెలల తరబడి ఒకే చేతి మీద పట్టుకున్నవారిలో ఇది జరగడానికి మరింత వీలుంది. తల పై నుంచి చూడండి: ఒక చెవి రెండోదానికన్నా ముందుకు ఉందా? మెడ ఒకవైపుకు తిరగడానికి మొరాయిస్తోందా? అలాగైతే పిల్లల డాక్టరుకు చూపించండి, మెలకువగా ఉన్నప్పుడు మీ ఎదుట బోర్లా వేసి ఆడించండి, ఎత్తుకునే చెయ్యి మార్చండి. దీన్ని పట్టించుకోకుండా ముక్కు మీదే చూపు నిలిపితే ఆ ముక్కు ఎప్పటికీ మధ్యలో కనిపించదు. ఇంకో మాట, చీలిక లేకుండా పుట్టిన ఏ ముఖమూ కొలిచి చూస్తే రెండు వైపులా అచ్చంగా ఒకేలా ఉండదు.

మిగిలిన తేడాను ఎప్పుడు, ఎలా సరిచేయించాలి

ఏడాది దాటి మచ్చ మెత్తబడ్డాక కూడా విల్లు శిఖరం పైనే ఉండిపోయినా, గట్టు అంచు మెట్టులా విరిగే ఉన్నా, పెదవిలో గుంట పూడకపోయినా అది మర్దనతో పోదు. చిన్న సవరణ ఆపరేషన్ అవసరమవుతుంది. చాలాచోట్ల దాన్ని బడికి వెళ్లే ముందు, నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య చేస్తారు. ప్రతి సవరణా మరో మచ్చను, మరో బిగుసుకునే దశను తెచ్చిపెడుతుంది కాబట్టి, దగ్గరగా వెతికితే తప్ప కనిపించని తేడా కోసం తొందరపెట్టకపోవడమే మంచిది. మూడు అడుగుల దూరంలో మాట్లాడుతున్న మనిషికి కనిపించేది ఒక రకం, ఫొటోను పెద్దది చేస్తే కనిపించేది ఇంకో రకం. మొదటి దాని గురించే అడగండి.

అంగిలి కూడా చీలి ఉంటే దాని ఆపరేషన్ తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య జరుగుతుంది. అది మాటకూ తిండికీ సంబంధించినది, పెదవి ఆకారాన్ని దాని నుంచి ఆశించకండి. చిగురు ఎముక చీలి ఉన్నవారికి మాత్రం ఏడు నుంచి పదకొండేళ్ల మధ్య, కోరపన్ను దిగకముందు, ఎక్కువగా తుంటి ఎముక నుంచి తీసిన ఎముకపొడిని ఆ సందులో నింపుతారు. దీన్ని పళ్ల కోసం చేసే పనిగానే చెబుతారు గానీ, ముక్కుపుట కింద లేని ఆధారం అప్పుడే ఏర్పడుతుంది, ఏళ్ల తరబడి కిందికి జారి ఉన్న ఆ వైపు కాస్త పైకి లేస్తుంది. చిగురులో సందు ఉండగానే ముక్కుకు పెద్ద ఆపరేషన్ చేయించాలనుకునేవారు ఈ వరుసను సర్జన్‌తో మాట్లాడాలి. ముక్కు పూర్తి స్థాయి ఆపరేషన్‌నూ, అవసరమైతే పై దవడను ముందుకు జరిపే ఆపరేషన్‌నూ ముఖం ఎదుగుదల ఆగాకే చేస్తారు. ఆడపిల్లల్లో అది సుమారు 14 నుంచి 16 ఏళ్లకు, మగపిల్లల్లో 16 నుంచి 18 ఏళ్లకు వస్తుంది. ఈలోగా, పెరుగుతున్న కొద్దీ, చిన్నప్పుడు బాగున్న ముక్కు మళ్లీ కొంత ఒరిగితే అది ఎవరి నిర్లక్ష్యమూ కాదు.

సవరణ గురించి మాట్లాడటానికి వెళ్లేటప్పుడు తేదీలు వేసిన ఫొటోల వరుసా, వీడియోలూ, మొదటి ఆపరేషన్ కాగితాలూ తీసుకెళ్లండి. అప్పటికి బిడ్డ నాలుగైదేళ్ల వయసులో ఉంటే, అద్దంలో తనకు ఏది నచ్చడం లేదో, బడిలో ఎవరైనా ఏమైనా అన్నారో ముందే ఇంట్లో మామూలుగా అడగండి. ఏమీ లేదంటే, మీకు కనిపిస్తున్న ఆ మిల్లీమీటరును మరో రెండేళ్లు అలాగే ఉంచవచ్చునా అని సర్జన్‌ను అడగండి. చాలా సందర్భాల్లో ఉంచవచ్చు.